కుందేలు ఎటు వెళ్ళింది

మా ఆవిడ సైమా ఫ్రీజర్‌లో చేపలతో పాటు చనిపోయిన గుడ్లగూబల్ని పెట్టేది. ఒక సాయంత్రం ఆమె వచ్చేసరికి వంట చేసి ఉంచుదామని కాగితం చుట్టిన పొట్లం ఒకటి తీసి సింకులో పడేశాను. చేప కరుగుతోంది కదా అని ఉల్లిపాయలు కూడా తరిగాను. పొట్లం విప్పితే ముందు గోళ్ళు వచ్చాయి, తరువాత ఈకలు. అప్పుడే లోపలికి వచ్చిన సైమా కోటు విప్పకుండానే పెనం మీద కరిగిన వెన్న వైపు, సింకు వైపు, నా మొహం వైపు వరుసగా చూసింది.

"దాన్ని మళ్ళీ చుట్టి లోపల పెట్టు. గురువారం దానికి బడి ఉంది" అంది.

గుడ్లగూబలు బడికి వెళ్ళే ఇల్లు మాది. శీతకాలంలో మా ఊరి ప్రకృతి కేంద్రానికి మనుషులు రారు. అమెరికా ఉత్తరపు అంచున సుపీరియర్ సరస్సు మీదుగా వచ్చిన మేఘాలన్నీ తమ మంచును మా నెత్తిన దించి పోతాయి, అడవిదారి మూసుకుపోతుంది. పిల్లలు అడవికి రాలేరు కాబట్టి అడవినే పెట్టెల్లో సర్ది బడులకు తీసుకుపోవడం సైమా పని. నక్క తోలు, ఆటర్ అనే నీటికుక్క తోలు, దుప్పి కొమ్ములు, ఉడుత పుర్రె, సీసాలో కుందేలు పెంటికలు. ఆ పెంటికలు ఒక్కోసారి సీసాలో కాక ఆమె కోటు జేబులో ఉండేవి. వాటిని చాక్లెట్ అనుకున్నవాడి పేరు నేను చెప్పను. వాడు ఇప్పటికీ బతికే ఉన్నాడు, ఈ ముక్కలు రాస్తున్నాడు.

పిల్లలు ఆమెను తోళ్ళావిడ అనేవాళ్ళు. నన్ను తోళ్ళావిడ మొగుడు అనేవాళ్ళు. ఉద్యోగం మానుకున్నాక నాకు దక్కిన పదవి అదొక్కటే. బండి నడిపేవాణ్ణి, పెట్టెలు మోసేవాణ్ణి, ఎలుగుబంటి తోలు కప్పుకుని బల్ల కింద పడుకునేవాణ్ణి. ఎలుగుబంటి శీతకాలమంతా ఎలా నిద్రపోతుందో చూపించడానికి సైమాకు అంతకంటే మంచి జంతువు దొరకలేదట. ఒకసారి చిన్నపిల్లల తరగతిలో నేను నిజంగానే గురకపెట్టాను. ఎంత బాగా నటించానో అని పంతులమ్మ మెచ్చుకుంది. సైమా నన్ను మడమతో పొడిచి లేపింది.

నేను చేసిన ఉద్యోగం మంచు తోయడం. ముందువైపు పెద్ద ఇనపరెక్క బిగించిన కౌంటీ లారీ నడిపేవాణ్ణి. తెల్లవారకముందే రోడ్లు, ఆ తరువాత బడి ఆవరణ. జీవితమంతా మంచును పక్కకు నెట్టిన మగవాడు, మంచును చదివే ఆడదాన్ని పెళ్ళాడాడు. ఈ కథలో హాస్యమంతా అక్కడే ఉంది, మిగిలింది వివరాలు.

పెళ్ళైన కొత్తలో సైమా బడి వంటింట్లో పనిచేసేది. ఆవరణ చుట్టూ నేను నెట్టిన మంచు ఒక మనిషి ఎత్తున గట్టులా పేరుకునేది. గట్టు ఎక్కకూడదు, దాటకూడదు అన్నది బడి నియమం. బఠానీ సూపు గిన్నెలు కడుగుతూ ఆమె కిటికీలోంచి చూసేది. ఒకనాడు నేను ఇంట్లో మాంసం, బంగాళాదుంప కూరిన పేస్టీ తింటుంటే అడిగింది.

"పిల్లలకి గోడ కడుతున్నావేంటయ్యా?"

"మరి మంచు ఎక్కడ పెట్టమంటావు? మింగమంటావా?"

"గోడకి అవతల పొద్దున్నే కుందేలు తిరిగిన గుర్తులున్నాయి. ఇవతల పిల్లలేమో తారు చూస్తూ నిలబడ్డారు."

"తారు చూడ్డానికే కదా నాకు జీతమిచ్చేది."

దానికి ఆమె జవాబు చెప్పలేదు. మా ఫిన్లండ్ వంశాల్లో జవాబు చెప్పకపోవడం అంటే నిర్ణయం అయిపోయిందని అర్థం. కొంతకాలానికి వంటిల్లు వదిలి ప్రకృతి కేంద్రంలో చేరింది. అప్పటినుంచి ప్రతి శీతకాలం నేను కట్టిన గోడ మీదుగా పిల్లల్ని అవతలికి దాటించడమే ఆమె ఉద్యోగం.

ఆమె పద్ధతి ఒకటుంది, అది చెప్పాలి. తరగతి పిల్లలంతా అరుచుకుంటూ అడవిలో అడుగుపెడితే ఏ జంతువూ కనబడదు. బడి వెనక అడవిలో నిజంగా ఉండేవి కుక్క అడుగులు, ఉడుత అడుగులు. అందుకని సైమా ముందురోజే వెళ్ళి మంచు మీద ఒక కథ రాసి వచ్చేది. పాత చీపురుకర్రల చివర కుందేలు పాదాలు, నక్క పాదాలు తానే చెక్కి బిగించుకుంది. పొదల చాటున స్కీల మీద నిలబడి, కర్ర చాచి అచ్చులు వేసేది. వెనక్కి వస్తూ తన జాడను స్ప్రూస్ చెట్టు కొమ్మతో ఊడ్చేసేది. పని అయ్యాక గట్టు పక్కన మంచు మీద కూర్చుని ఇద్దరం ఫ్లాస్కులో కాఫీ రేకు కప్పుల్లో పోసుకుని తాగేవాళ్ళం.

మర్నాడు పిల్లల్ని అక్కడికి తీసుకుపోయి ఒక్కటే అడిగేది: "ఇక్కడ ఏం జరిగింది?"

నోరు మూసుకునేది ఇక. పిల్లలు కొట్టుకునేవాళ్ళు. తోడేలు అని ఒకడు, పులి అని ఒకడు, వాళ్ళ పెద్దమ్మ అని ఇంకొకడు. ఎవడేం చెప్పినా కాదనేది కాదు. "ఎక్కడ కనిపించింది? చూపించు" అనేది, అంతే. చివర్లో చీపురుకర్రలు బయటికి తీసేది. "మోసం!" అని పిల్లలు గోలపెట్టేవాళ్ళు. "మోసం కాదురా, అక్షరాలు. నేర్చుకున్నారుగా, ఇప్పుడు పోయి నిజమైనది ఒకటి వెతకండి" అని వాళ్ళను అడవి మీదికి వదిలేది.

ఒక ఏడు ఆమెకు జ్వరం వచ్చి అచ్చులు వేయడానికి నన్ను పంపింది. నక్క కుందేలును తరమాలి, కుందేలు పొదలోకి తప్పించుకోవాలి. పదేపదే చెప్పి పంపింది. కుందేలు దూకేటప్పుడు ముందుకాళ్ళు చిన్నవి వెనక పడతాయి, వెనకకాళ్ళు పెద్దవి వాటిని దాటి ముందు పడతాయి. ఇందులో ముందు ఏది, వెనక ఏది అన్నది అడవికి చేరేలోపలే నా బుర్రలో కలిసిపోయింది. మర్నాడు జ్వరంతోనే వచ్చిన సైమా పిల్లల్ని అడిగింది, ఇక్కడ ఏం జరిగిందని.

"కుందేలు నక్క దగ్గరికి పరిగెత్తింది" అన్నారు పిల్లలు ముక్తకంఠంతో.

"ఎందుకు?"

"కాఫీ తాగడానికి" అన్నాడొకడు.

సైమా నా వైపు తిరిగి చూసింది. అప్పటినుంచి నేను ఏ పని తప్పుగా చేసినా, తలుపు తాళం వెనక్కి తిప్పినా, ఆవిరిస్నానపు సౌనాలో కట్టెలు తడివి పెట్టినా, ఆమె నోట ఒక్కటే మాట: "కుందేలు కాఫీకి బయల్దేరింది."

పోయిన శరత్కాలంలో, మొదటి మంచు పడకముందే, పెరట్లో ఆపిల్ పళ్ళు ఏరుతూ సైమా కూలిపోయింది. గుండె. దీని గురించి ఇంతకంటే రాయను. రాసినా ఆమె కొట్టేసేది.

ఆమెను పూడ్చి వచ్చాక చర్చి కింది గదిలో అందరూ కాఫీ తాగుతుంటే ప్రకృతి కేంద్రం నడిపే జనెల్ నా పక్కకు వచ్చి కూర్చుంది. ఏలకుల రొట్టె ముక్కను వేళ్ళతో చిదుపుతూ అంది.

"రైనో, ఇప్పుడు అడగకూడదు. కానీ ఫిబ్రవరిలో మూడో తరగతి వాళ్ళకి సైమా మాటిచ్చింది. రద్దు చేసేస్తాను."

"తరువాత బడులు?"

"తరువాత ఎవరున్నారు చెప్పండి? పిల్లలు ఇళ్ళల్లో టీవీలోనే ఎలుగుబంట్లని చూస్తారులే అని బోర్డు వాళ్ళు ఎప్పట్నుంచో అంటున్నారు. ఆ తోళ్ళు కావాలని దక్షిణాది మ్యూజియం వాళ్ళు అడుగుతున్నారు. పెట్టెలు అక్కడికి పంపేస్తాం."

సైమా చేతులు నిమిరిన తోళ్ళు గాజు వెనక్కి వెళ్ళిపోతాయన్నమాట. నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

"నేను వెళ్తాను."

గదిలో నమలడం ఆగిపోయింది. జనెల్ నా వైపు జాలిగా చూసింది. ఆ జ్వరం ఏటి కుందేలు సంగతి ఈ జిల్లాలో తెలియనిది ఎవరికి?

"సరే, ఆ ఒక్క రోజు చూద్దాం. నేనూ వస్తాను. బాగుంటే బోర్డుకి చెప్తాను. బాగోకపోతే..." అని రొట్టె నోట్లో పెట్టుకుంది.

జనవరి అంతా నేను పెరట్లో సాధన చేశాను. పక్కింటి ఎల్మర్ కంచె మీద మోచేతులు ఆనించి చూసేవాడు.

"ఒరేయ్ రైనో, మంచుని చీపురుకర్రతో పొడుస్తున్నావేంట్రా? ఇన్నాళ్ళు తోసినా దాని మీద కసి తీరలేదా?"

"ఇది కుందేలురా."

"అలాగా. నేను చూసిన కుందేళ్ళు ఇంత తిట్టుకోవు."

"చూడు, పెద్దవి ముందు. చిన్నవి వెనక. సరిగ్గా ఉందా లేదా?"

ఎల్మర్ తల వంచి చాలాసేపు చూశాడు. "కుందేలు సరే. అది నా షెడ్డులోకి ఎందుకొచ్చింది? నా సారా సీసా కోసమా?" అన్నాడు. చూపు ఎత్తితే నిజమే, కుందేలు ధ్యాసలో కంచె సందులోంచి అతని స్థలంలోకి పోయాను.

ఫిబ్రవరిలో, బడికి ముందురోజు రానే వచ్చింది. మధ్యాహ్నం తిరిగాక బడి వెనక అడవిలోకి వెళ్ళాను. స్కీలు నా మోకాళ్ళకు పనికిరావు కాబట్టి తట్టచెప్పులు కట్టుకున్నాను. అవి తట్టంత వెడల్పుంటాయి, మనిషి మంచులో కూరుకుపోకుండా కాస్తాయి. నక్క అడుగులు ఒకదాని ముందొకటి తాడు పరిచినట్టు వేశాను. కుందేలు అడుగులు వేశాను. పెద్దవి ముందు, చిన్నవి వెనక. ప్రతి గెంతుకీ నోరు కదిలిస్తూ వేశాను. వేసినవన్నీ వెనక్కి తిరిగి చూస్తే ఒక్కటీ తప్పు లేదు. జీవితంలో మొదటిసారి నా కుందేలు వెళ్ళవలసిన వైపే వెళ్తోంది.

ముగింపు దగ్గర చెయ్యి ఆగింది. సైమా దగ్గర రెండు ముగింపులు ఉండేవి. ఒకదాంట్లో కుందేలు పొదలోకి దూరుతుంది. రెండోదాంట్లో అడుగులు ఉన్నట్టుండి మాయమవుతాయి, వాటికి చెరో పక్క గుడ్లగూబ రెక్కలు మంచును తాకిన గీతలుంటాయి. తరగతిని చూసి ఏది వేయాలో ఎంచుకునేది. నేను గుడ్లగూబ రెక్క చేతిలో పట్టుకుని నిలబడ్డాను. చుట్టూ తిరిగాను. కాసేపు కూర్చున్నాను, కాఫీ తాగాను. లేవడం కష్టమైంది. చివరికి కుందేలును పొదలోకి పంపేశాను. ఆ రోజుకు దాన్ని చంపడం నా వల్ల కాలేదు.

ఇంటికి పోతూ ఈల కూడా వేశాననుకుంటాను. ఏదో మరిచిపోయానని ఎక్కడా అనిపించలేదు.

మా ఊళ్ళో శీతకాలపు రాత్రి తరచూ మంచు పడుతుంది; పడితే కథంతా చెరిగిపోయేది, సైమా తెల్లవారకముందే పోయి మళ్ళీ రాసేది. ఉద్యోగమంతా నేను తిట్టిన మంచు ఆ ఒక్క రాత్రి నాకు సాయం చేయవలసింది. పడలేదు. నక్షత్రాలు వచ్చాయి. చలికి నేల మీది ప్రతి గుర్తూ సిమెంటులా బిగిసిపోయింది.

పొద్దున తరగతి గదిలో ముందు తోళ్ళు చూపించాను. నీటికుక్క తోలును మింక్ అన్నాను. ముందు వరుసలో టెస్సా అనే పిల్ల, ఊడిన పళ్ళ సందులోంచి గాలి వదులుతూ, "అది ఆటర్, మిస్టర్ రైనో. తోక చూడండి" అంది. తోక చూశాను. ఆటరే.

"తోళ్ళావిడ ఎందుకు రాలేదు?" అని వెనకనుంచి కోల్టన్ అనే కుర్రాడు అడిగాడు.

పంతులమ్మ మిసెస్ టెర్వో మొహం తెల్లబడింది. నేను ఏదో చెప్పబోయే లోపల టెస్సాయే వెనక్కి తిరిగింది.

"చచ్చిపోయింది కదరా, మా అమ్మమ్మ చర్చికి కేకు పట్టుకెళ్ళింది."

"మా కుక్క కూడా చచ్చిపోయింది" అన్నాడు కోల్టన్ నాతో, ఒక మగవాడు ఇంకో మగవాడితో అన్నట్టు.

"ఏం పేరు?"

"బస్టర్."

అలా ఇద్దరం పలకరింపులు ముగించుకుని బయటికి నడిచాం. గట్టు ఎక్కేటప్పుడు పిల్లలు మేకల్లా దాటేశారు. దానిని ఏళ్ళ తరబడి కట్టినవాడు మధ్యలో ఇరుక్కుపోతే జనెల్ చెయ్యి పట్టుకుని లాగింది. చేత్తొడుగుల మంచు దులుపుకుని గడియారం చూసుకుంది. మ్యూజియం వాళ్ళ లారీ ఆ చూపులో నాకు వినబడింది.

అచ్చుల దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాను.

"ఇక్కడ ఏం జరిగింది?"

పిల్లలు వంగి చూశారు. నక్కను చూస్తారని, కుందేలును చూస్తారని నేను కాచుకుని ఉన్నాను.

"చాలా పెద్ద జంతువు వచ్చింది" అంది టెస్సా.

"ఎక్కడ కనిపించింది? చూపించు."

చూపించింది. అప్పుడు నేనూ చూశాను. నక్క జాడ పక్కన, కుందేలు జాడ పక్కన, వాటి మధ్య, వాటి మీద, తట్టంత వెడల్పున, నా అడుగులు. నేను స్ప్రూస్ కొమ్మతో ఊడవలేదు. చాటున నిలబడలేదు. అడవి అంతా నేనే ఉన్నాను.

"రెండు కాళ్ళది" అన్నాడు కోల్టన్. "ఎడమకాలు ఈడుస్తుంది. గీత చూడండి."

"ముసలిది. ఇన్నిసార్లు ఆగింది."

"కుందేలుని వేటాడుతోంది!"

"కాదు. కుందేలు ఎక్కణ్ణుంచీ రాలేదు. ఈ పెద్దది నిలబడ్డ చోట మొదలైంది. ఇదే కుందేల్ని పెట్టింది."

"కుందేలుకి గుడ్లు పెట్టడం రాదు!"

"కుందేలు కాదు, ఇది పెట్టింది!"

నేను జనెల్ వైపు చూడలేదు. చీపురుకర్రలు వీపు వెనక దాచుకుని, సైమా చెప్పినట్టు నోరు మూసుకున్నాను. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటి, అది కూడా మాట రాక చేసింది. పిల్లలు నా జాడ వెంట పడ్డారు. ఇక్కడ గుండ్రంగా తిరిగింది. ఇక్కడ ఆలోచించింది. పొద దగ్గరికి చేరేసరికి పెద్ద కేక వినబడింది.

"ఇక్కడ కూర్చుంది! ముడ్డి ముద్ర!"

తరగతి అంతా వచ్చి చూసింది. అంత స్పష్టమైన ముద్ర సైమా ఏ కర్రతోనూ వేయలేకపోయేది. మిసెస్ టెర్వో పక్కకు తిరిగి తన మఫ్లరుతో నోరు మూసుకుంది.

"లేవడానికి చేతులు ఆనించింది. మళ్ళీ పడింది. మళ్ళీ ఆనించింది."

"పాపం."

"ఇక్కడ కప్పు పెట్టింది" అన్నాడు కోల్టన్ మోకాళ్ళ మీద వంగి. మంచు మీద గుండ్రటి గుర్తు. "కాఫీ. వాసన వస్తోంది."

"ఇక్కడ ఇంకో కప్పు" అంది టెస్సా.

నేను ముందుకు వంగాను. నేను కూర్చున్న చోటికి ఎదురుగా, చెయ్యి చాచినంత దూరంలో, ఇంకో గుండ్రటి గుర్తు ఉంది. దాని పక్కన మంచు లోతుగా కరిగి గోధుమరంగు గుంట పడింది, నిండు కప్పు ఒంపేసినట్టు. రెండు కప్పులు పోశానని నాకు అప్పటిదాకా తెలియదు. ఫ్లాస్కు మూత తీస్తే చెయ్యి ఎప్పుడూ చేసే పనే చేసిందన్నమాట.

"అయితే రెండు జంతువులొచ్చాయి" అన్నాడు కోల్టన్.

"రెండోదాని కాళ్ళేవి? చూపించు" అంది టెస్సా, సైమా మాట నా కంటే బాగా.

వాడు చుట్టూ వెతికాడు. అందరూ వెతికారు. రెండో కప్పు చుట్టూ మంచు నున్నగా ఉంది.

"లేవు."

"మరి కాఫీ ఎవరికి?"

 టెస్సా ఆ గుంటలోకి చూసి, ముడ్డి ముద్ర వైపు చూసి, నెమ్మదిగా నా తట్టచెప్పుల వైపు చూసింది. చూపు అక్కడినుంచి పైకి వచ్చింది. ఆ పిల్లకు అంతా తెలిసిపోయింది. నేను చీపురుకర్రల్ని వీపు వెనకనుంచి తీసి ముందుకు పెట్టాను, దొంగ కత్తి కింద పెట్టినట్టు.

ఎవరూ "మోసం" అని అరవలేదు.

"ఇంకొకళ్ళు వస్తారనుకుంది" అంది టెస్సా. "రాలేదు. అందుకని ఒంపేసి ఇంటికెళ్ళింది."

"ఎక్కడ కనిపించింది?" అన్నాను. 

ఆ పిల్ల చేత్తొడుగు చాచి గుంటను చూపించింది. తరువాత, అదే చేత్తొడుగుతో నా చెయ్యి పట్టుకుంది, గట్టు దిగేదాకా నేను పడిపోతానని భయం వేసి ఉంటుంది. ఆ భయంలో న్యాయం ఉంది. వచ్చేటప్పుడు నేను ఇరుక్కున్న చోటే మళ్ళీ ఇరుక్కున్నాను. కోల్టన్, ఇంకో నలుగురు వెనకనుంచి నెట్టారు. మంచు తోసినవాణ్ణి తోశారు, లెక్క సరిపోయింది.

గట్టు ఇవతల కోల్టన్ అడిగాడు. "వచ్చే ఏడు ఆ జంతువు మళ్ళీ వస్తుందా?"

"రావాలి కదా" అంది మిసెస్ టెర్వో జనెల్ వైపు చూస్తూ. "వచ్చే ఏడు రెండో తరగతి వాళ్ళని కూడా తెస్తాం."

పెట్టెలు ఎక్కించడానికి నేను నా బండి వెనక తలుపు తీశాను. కేంద్రం వ్యాను పక్కనే ఉంది, జనెల్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పెట్టెలు వ్యానులో పెట్టాలా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు, ఒకదాన్ని ఊరికే అటూ ఇటూ ఎత్తి దించుతున్నాను.

"మీ దాంట్లోనే ఉంచుకోండి" అంది. "వచ్చే మంగళవారం ఇంకో బడి అడుగుతోంది. మ్యూజియం వాళ్ళకి నేను చెప్పుకుంటాను."

"సరే."

"ఆటర్ తోక చూసుకోండి ఈసారికి."

"సరే."

ఆమె వ్యాను ఎక్కబోతుంటే ఆపుకోలేక అడిగాను. "జనెల్, కుందేల్ని చూశావా?"

"ఏ కుందేలు?"

"నేను వేసిందే. పెద్దవి ముందు, చిన్నవి వెనక. ఒక్కటీ తప్పు లేదు."

ఆమె వ్యాను తలుపు తీసింది. "మీ అడుగుల వెంటే నడిచాం కదా రైనో. కుందేల్ని చాలావరకు మీరే తొక్కేశారు" అంది.